పేగుకు వ్యాపారం తెలియదు

సులభతర వ్యాపారం గురించి దేశమంతా ఇంత మాట్లాడుకుంటోంది కదా, మన చిన్నపేగు గురించి ఒక్కరూ నోరు విప్పరెందుకు? సంస్కరణల గాలి సోకని చోటు ఇంకా ఏదైనా మిగిలి ఉందంటే అది పేగు లోపలి గోడే. ఆ గోడలోని కణాల పైపొర మందం మిల్లీమీటరులో లక్షో వంతు కూడా ఉండదు. రెండు వరుసల కొవ్వు అణువులు, వాటి మధ్య అక్కడక్కడా ప్రొటీన్లు. ఉన్న ఆస్తి అంతే, పట్టుదల మాత్రం కొండంత.

పక్షపాతం సంగతే చూడండి. ఆక్సిజన్ వస్తే అడిగే నాథుడు లేడు, కొవ్వులోంచి నేరుగా దూరిపోతుంది. కార్బన్ డయాక్సైడ్ కూడా అంతే. ఆఖరికి మద్యంలోని ఆల్కహాల్‌కి సైతం రాచమర్యాదే. పాపం ఉప్పులోని సోడియం వస్తే మాత్రం విద్యుదావేశం ఉందని కొవ్వు ఛాయలకే రానివ్వదు. గ్లూకోజ్‌కి ఆ దోషమూ లేదు. తియ్యగా ఉంటుంది, ఒంటికి బలం. అయినా ఆకారం పెద్దదనీ, కొవ్వుతో పొసగదనీ బయటే నిలబెడుతుంది. నీళ్లకు చాలా కణాల్లో ప్రత్యేక ద్వారాలున్నాయి. పేరు ఆక్వాపోరిన్లు. 1992లో పీటర్ ఆగ్రే బృందం ఎర్ర రక్తకణాల్లో వీటి గుట్టు రట్టు చేసింది, 2003లో ఆయనకు నోబెల్ వచ్చింది. వీటిలో నీటి అణువులు ఒకదాని వెనక ఒకటి వరుసగా వెళ్తాయట. బస్టాండులో అలా నిలబడి చూడండి, సీటు దొరికితే నన్నడగండి.

గ్లూకోజ్ గొడవ ఇంకా తెమల్లేదు. పేగులో అది లోపలికి వెళ్లాలంటే ఎస్‌జీఎల్‌టీ1 అనే ప్రొటీన్ దగ్గరికి రావాలి, అదీ ఒంటరిగా కాదు, రెండు సోడియం అయాన్లను వెంటబెట్టుకుని. ఈ జోడీ నిబంధనను రాబర్ట్ క్రేన్ 1960లో ప్రేగ్ సదస్సులో ప్రతిపాదించాడు. అవి లోపలికి వెళ్తే వాటి వెనకే నీళ్లూ వెళ్తాయి. ఇంతా చేసి లోపలికి రానిచ్చిన సోడియాన్ని కణం ఉంచుకుంటుందా అంటే, అదీ లేదు. వెనకవైపున్న పంపు, కణానికి చిల్లర డబ్బుల్లాంటి శక్తి అణువు ఏటీపీని ఒక్కోటి ఖర్చు పెట్టి మూడేసి సోడియం అయాన్లను బయటికి గెంటి, రెండేసి పొటాషియం అయాన్లను లోపలికి లాగుతుంది. లోపల సోడియం తక్కువగా ఉంటేనే బయటి సోడియం గ్లూకోజ్‌ని పట్టుకుని లోపలికి తోసుకొస్తుంది, అదీ కిటుకు. డెన్మార్క్‌కి చెందిన యెన్స్ స్కౌ పీతల నరాల్లో ఈ పంపు ఆనవాళ్లు పట్టుకున్నది 1957లో. నోబెల్ ఇచ్చింది 1997లో. మన పెన్షన్ ఫైళ్లే నయం.

ఈ మొండితనానికి పరాకాష్ఠ కలరా అప్పుడు కనిపిస్తుంది. కలరా విషం పేగు కణాల్లోని క్లోరైడ్ ద్వారాలను బార్లా తెరిపిస్తుంది. ఉప్పూ నీళ్లూ పేగులోకి కారిపోయి కొన్ని గంటల్లోనే మనిషి పీక్కుపోతాడు. అంత విపత్తులోనూ గ్లూకోజ్-సోడియం జోడీ ద్వారం మాత్రం ఏమీ జరగనట్టు పని చేసుకుపోతూనే ఉంటుంది. డాక్టర్ దిలీప్ మహలనబీస్ నమ్ముకున్నది దాన్నే. 1971లో పశ్చిమ బెంగాల్‌లోని బనగావ్‌లో, బంగ్లాదేశ్ యుద్ధం నుంచి పారిపోయి వచ్చిన శరణార్థుల్లో కలరా చెలరేగింది. ఎక్కించడానికి సెలైన్ చాలలేదు. గ్లూకోజ్, ఉప్పు, బేకింగ్ సోడా కలిపిన నీళ్లను, అంటే మనం ఓఆర్‌ఎస్ అనేదాన్ని, రోగులకు తాగించాడాయన. మరణాలు దాదాపు 30 శాతం నుంచి 4 శాతం లోపుకి పడిపోయాయి. పేటెంటు లేదు, బ్రాండ్ అంబాసిడర్ లేడు, మామిడి ఫ్లేవర్ అసలే లేదు. ఆయనకు పద్మవిభూషణ్ 2023లో ప్రకటించారు, ఆయన పోయాక. వ్యాపార దృష్టి లేకపోతే ఇలాగే ఉంటుంది.

ఆ లోటు పూడ్చడానికి పానీయాల కంపెనీలు నడుం కట్టాయి. అట్టపెట్టె, పక్కనే స్ట్రా, మీద నిగనిగలాడే ఆపిల్ బొమ్మ. పేరులో ఓఆర్‌ఎస్ అని పెద్ద అక్షరాలు. కింద, కళ్లజోడు తుడుచుకుని చదవాల్సినంత చిన్న అక్షరాల్లో, ఇది ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన ఓఆర్‌ఎస్ ఫార్ములా కాదని మనవి. ఒకే పెట్టె మీద అవునూ, కాదూ కూడా! ఇంత పారదర్శకత ఎన్నికల మేనిఫెస్టోల్లో కూడా చూడలేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2002 నుంచి చెబుతున్న కొలత ప్రకారం లీటరు నీటికి గ్లూకోజ్ 13.5 గ్రాములు, ఉప్పు 2.6 గ్రాములు. అంత పిసినారితనం మనవాళ్లకు నచ్చలేదు. లీటరుకు వంద గ్రాముల పైచిలుకు చక్కెర పోసిన ఉదారులూ ఉన్నారు, సోడియం దగ్గర మాత్రం చేయి రాలేదు.

ఇంత ఔదార్యానికి పేగు ఏం చేసింది? పిల్లాడి కడుపులోకి అంత చిక్కటి తీపినీళ్లు దిగగానే ద్రవాభిసరణ అనే పాత చట్టం తిరగేసింది. చిక్కదనం ఎటుంటే నీళ్లు అటు. పేగులోని నీళ్లు ఒంట్లోకి పోవాల్సింది పోయి, ఒంట్లోని నీళ్లే పేగులోకి వచ్చాయి. విరేచనాలు ఇంకాస్త పెరిగాయి. తల్లి ఇంకో పెట్టె కొనిపెట్టింది. చిన్న అక్షరాలు పేగుకు కనపడలేదనుకుందాం, పెద్ద అక్షరాలైనా చదవాలి కదా! అంత ఖర్చు పెట్టి రంగుల్లో అచ్చు వేయిస్తే కనీస గౌరవం లేదు.

పేగు తరఫున వకాల్తా పుచ్చుకున్న వాళ్లూ లేకపోలేదు. హైదరాబాద్ పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి ఈ పెట్టెల మీద పోరాడారు. చివరికి 2025 అక్టోబరులో దేశ ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ, ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫార్ములా పాటించని పానీయాల పేర్లలో ఓఆర్‌ఎస్ అన్న మాట ఉండకూడదని తేల్చేసింది. పరిశ్రమ మనోభావాలు ఎంత గాయపడి ఉంటాయో ఎవరూ ఆలోచించలేదు.

అయినా కంపెనీలు టెన్షన్ పడక్కర్లేదు. ఆర్డరు వచ్చింది మూడు అక్షరాల మీదే గానీ చక్కెర మీద కాదు. ఆ అక్షరాల చోట ఇంకో మూడు పెట్టి, ఆపిల్ బొమ్మ అలాగే ఉంచి, మెడికల్ షాపులో అదే అరలో సర్దేయొచ్చు. పొరని మార్చాలంటే కోట్ల ఏళ్లు పడుతుంది. లేబులు మార్చడానికి మంచి ప్రింటర్ దొరికితే సాయంత్రానికల్లా అయిపోతుంది.