కుంకుమపువ్వు గారికి ఐదో నెల కోడలు రాయునది

మహాలక్ష్మీ సమానురాలైన కుంకుమపువ్వు గారికి నమస్కరించి వ్రాయు లేఖార్థములు. ఇక్కడ అందరం క్షేమం. బీరువాలో పట్టుచీరల మధ్య మీరూ క్షేమమేనని తెలుసు. తాళంచెవి అత్తగారి బొడ్లో ఉంది.

ఐదో నెల రాగానే మా ఇంట్లో అందరికీ గుర్తొచ్చింది మీరే. మిమ్మల్ని పాలల్లో కలుపుకుని తాగితే బిడ్డ తెల్లగా పుడుతుందట. వేవిళ్లు తగ్గి నేను మళ్లీ అన్నం తింటున్నానన్నది ఎవరికీ పెద్ద కబురు కాలేదు. టిఫా స్కాన్‌లో బిడ్డ గుండెకు నాలుగు గదులూ కనబడ్డాయి, వెన్నెముక, కిడ్నీలు బాగున్నాయి అని డాక్టరమ్మ చెప్పింది. బయటికి రాగానే అత్తగారు అడిగిన మొదటి మాట: "రంగేమన్నా తెలిసిందా?" ఆడో మగో అడగకూడదని అక్కడ గోడ మీద బోర్డుంది, దాని వెనక 1994 నాటి చట్టముంది. రంగు అడక్కూడదని మాత్రం ఎవరూ రాయలేదు మరి!

మీరు గొప్పింటి వారే, కాదనను. పువ్వుకి మూడే ఎర్ర పోగులట, ఒక్క గ్రాము కావాలంటే దాదాపు నూట యాభై పువ్వులు కోయాలట. కాశ్మీరులోని పాంపోర్ పొలాల్లో అంత కష్టపడి కోసి పంపింది మా వంశం ఛాయ మార్చడానికని ఆ కోసినవాళ్లకి తెలుసో లేదో. బిడ్డ ఒంటికి రంగునిచ్చే మెలనిన్ సంగతి నా జన్యువులూ మావారి జన్యువులూ కలిసి గర్భం నిలిచిన నాడే తేల్చేశాయి. మీ పాలు ఐదో నెలలో వచ్చి ఏం దిద్దుతాయండీ? మావారు కడుపులో ఉన్నప్పుడు కూడా మిమ్మల్ని రోజూ తాగానని అత్తగారు గర్వంగా చెబుతారు. ఒక్కసారి హాల్లోకి తొంగి చూడండి, మీ పనితనం అక్కడ కూర్చుని పేపరు చదువుకుంటోంది.

అసలు గొడవ మీతో కాదు, మీరు మునిగి వచ్చే పాలతో. ఆశా అక్క ఇంటికొచ్చి ఉచితంగా ఇచ్చిన ఐరన్ మాత్రలున్నాయి: 60 మిల్లీగ్రాముల ఇనుము, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్, నూట ఎనభై రోజులు వేసుకోవాలి. పాలతో గానీ టీతో గానీ వేసుకుంటే ఆ ఇనుము ఒంటికి సరిగ్గా పట్టదు. నేను మాత్ర చేతిలోకి తీసుకునే వేళకే మీరు వెండి గ్లాసులో తయారు. పైగా ఆ మాత్రలు వేసుకుంటే బిడ్డ నల్లగా పుడుతుందని వీధిలో ఒకావిడ చెప్పింది. అప్పట్నుంచి అవి ఫ్రిజ్ మీద పాత పేపర్ల కింద అజ్ఞాతవాసం చేస్తున్నాయి. మాత్రతో నల్లబడేది మలం, బిడ్డ కాదు. ఆ ముక్క అత్తగారి ముందు ఎలా చెప్పను?

నా హిమోగ్లోబిన్ 9.4. కడుపుతో ఉన్నవాళ్లకి 11 ఉండాలంటారు. నేనొక్కదాన్నే కాదు లెండి, 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో దేశంలోని గర్భిణుల్లో 52.2 శాతం మందికి రక్తహీనతే. రక్తం మరీ తక్కువైతే నెలలు నిండకుండా కాన్పు కావచ్చు, బిడ్డ బరువు తగ్గచ్చు, కాన్పులో రక్తం పోతే తల్లికే గండం. ఇవేవీ మా ఇంట్లో టెన్షన్లు కావు. ఛాయ ఒక్కటే టెన్షన్.

మొన్న రాత్రి మిమ్మల్ని తాగి పడుకుంటే బిడ్డ మొదటిసారి కదిలింది. మీ పనితనానికి మెచ్చుకోలని అత్తగారన్నారు. నాకైతే తన్నినట్టే అనిపించింది.

కాబట్టి ఒక ఒప్పందం. మీరు పొద్దున పదకొండింటికి రండి, తాగుతాను, పాలు నాకూ మంచివే. రాత్రి అన్నం తిన్నాక నిమ్మకాయ నీళ్లతో మాత్ర వస్తుంది, ఆ వేళకి మీరు బీరువా దిగకూడదు. మీ తర్వాతి గ్రాము కొనే డబ్బుతో గుడ్లు తెప్పించుకుంటాను. డబ్బాలో మిగిలిన మిమ్మల్ని సీమంతం రోజు పాయసంలో కలిపేస్తాను. చుట్టాలందరూ తింటారు, ఎవరు తెల్లబడతారో అత్తగారే చూసి చెబుతారు.

ఇట్లు,
చామనఛాయ కోడలు