బ్రెజిల్ అడ్మిరళ్లకు దక్కిన క్షమ జొవావ్ కాండిడోకు ఎందుకు దక్కలేదు?

1921 జనవరిలో సావో పాలో అనే యుద్ధనౌక రియో డి జనీరో చేరింది. బ్రెజిల్ చివరి చక్రవర్తి రెండో పేద్రో, ఆయన భార్య తెరెసా క్రిస్టీనా భౌతికకాయాలు అందులో వచ్చాయి. 1889 నవంబరు 15న మార్షల్ డియోడోరో ద ఫోన్సెకా రిపబ్లిక్‌ను ప్రకటించాక, రెండు రోజుల్లోనే రాజకుటుంబాన్ని ఓడ ఎక్కించి పంపేశారు. పేద్రో 1891లో పారిస్‌లో చనిపోయారు. తాను వెళ్లగొట్టిన చక్రవర్తిని రిపబ్లిక్ ముప్పై ఏళ్లకు సొంత యుద్ధనౌకలో గౌరవంగా వెనక్కి తెచ్చుకుంది. దానికి పదేళ్ల ముందు, 1910లో, ఇదే నౌకపై మామూలు నావికులు కొరడా దెబ్బలు ఆపమని తిరగబడ్డారు. వాళ్ల నాయకుడు జొవావ్ కాండిడోను మాత్రం బ్రెజిల్ నౌకాదళం ఈనాటికీ తనవాడిగా ఒప్పుకోలేదు. సామ్రాజ్యం పోయి రిపబ్లిక్ వచ్చిన కాలం గురించి ఎంత చదివినా నా మనసు ఈ తేడా దగ్గరే ఆగిపోతుంది.

రాజకీయ నాయకులు కొత్త వ్యవస్థలో తొందరగానే ఇమిడిపోయారు. రియో బ్రాంకో బారన్ తన రాచరికపు బిరుదుతోనే 1902 నుంచి 1912లో చనిపోయేదాకా రిపబ్లిక్‌కు విదేశాంగ మంత్రిగా పనిచేశారు. బొలీవియాతో ఒప్పందం చేసుకుని ఆక్రే ప్రాంతాన్ని బ్రెజిల్‌లో కలిపింది ఆయనే. బానిసత్వ నిర్మూలనకు పోరాడిన జోవాకిం నబూకో రాచరికాన్ని నమ్మినవాడు. అయినా 1905లో వాషింగ్టన్‌కు రిపబ్లిక్ తొలి రాయబారిగా వెళ్లారు. ప్రతిభను వదులుకోకపోవడం మంచిదే, నేను తప్పు పట్టను.

నౌకాదళం కథ వేరు. ఆ దళానికి ఆరాధ్యుడు అడ్మిరల్ తమందారే మార్క్విస్. స్వాతంత్ర్య యుద్ధంలో కుర్రవాడిగా చేరి, ప్లాటా నది యుద్ధాల దాకా సామ్రాజ్యం కోసం పోరాడారు. రిపబ్లిక్ వచ్చాక 1890లో విధుల నుంచి తప్పుకున్నారు. తన చక్రవర్తికి అంత్యక్రియల్లో బ్రెజిల్ సైనిక లాంఛనాలు దక్కలేదు కాబట్టి తనకూ వద్దని వీలునామాలో రాసిపెట్టి, 1897లో కన్నుమూశారు. తన చక్రవర్తి మీద అభిమానాన్ని చివరిదాకా వదులుకోని ఆ పెద్దాయన పుట్టినరోజు, డిసెంబరు 13, నేడు బ్రెజిల్‌లో నావికుల దినోత్సవం. ఆయన నిజాయితీ ముందు నేనూ తల వంచుతాను.

కుస్తోడియో ద మెలో విషయంలో అంత తేలిగ్గా తల వంచలేను. 1891 నవంబరులో డియోడోరో పార్లమెంటును రద్దు చేసినప్పుడు ఈ అడ్మిరల్ నౌకలతో తిరగబడి ఆయన్ని రాజీనామా చేయించాడు. ఉపాధ్యక్షుడు ఫ్లోరియానో పెయిషోటో గద్దెనెక్కాడు. అధ్యక్షుడు రెండేళ్లు నిండకుండా దిగిపోతే మళ్లీ ఎన్నిక పెట్టాలని కొత్త రాజ్యాంగం చెప్పింది. ఫ్లోరియానో పెట్టలేదు. ఆయన దగ్గర నౌకాదళ మంత్రిగా పనిచేసిన మెలో, 1893 ఏప్రిల్‌లో రాజీనామా చేసి, సెప్టెంబరు 6న అకిదబాన్ నౌక మీద నుంచి మళ్లీ తిరుగుబాటు జెండా ఎగరేశాడు. నెలల తరబడి రియో అఖాతంలో ఫిరంగులు మోగాయి. డిసెంబరులో నౌకాదళ పాఠశాల అధిపతి సల్దాన్యా ద గామా కూడా తిరుగుబాటుదారులతో కలిశాడు. ఏ పాలన కావాలో దేశాన్నే అడగాలన్న ఆయన ప్రకటనలో రాచరికపు ఛాయలు కనిపించాయి. ఫ్లోరియానో అమెరికా నుంచి హడావుడిగా నౌకలు కొనిపించి తిరుగుబాటును అణచివేశాడు. 1894 మార్చిలో సల్దాన్యా మనుషులు పోర్చుగల్ నౌకల్లో తలదాచుకోవడంతో ఆ దేశంతో సంబంధాలే తెగిపోయాయి. 1895 జూన్‌లో ఉరుగ్వే సరిహద్దు దగ్గర కాంపో ఒసోరియోలో సల్దాన్యా యుద్ధం చేస్తూ చనిపోయాడు.

అదే ఏడాది అధ్యక్షుడు ప్రుదెంతె ద మొరాయిస్ హయాంలో తిరుగుబాటుదారులకు క్షమాభిక్ష వచ్చింది. తరువాతి కాలంలో నౌకాదళం తన శిక్షణ నౌకకు అడ్మిరల్ సల్దాన్యా అని పేరు పెట్టింది. మరో నౌకకు కుస్తోడియో ద మెలో పేరు పెట్టింది. సొంత రాజధాని మీదికి గుళ్లు పేల్చిన ఇద్దరూ అలా గౌరవనీయులయ్యారు.

ఈ పెద్దల పోరులో నౌకల అడుగున బతికే మనుషుల గోడు వినిపించదు. నావికుల్లో ఎక్కువమంది నల్లవారు, మిశ్రమ జాతివారు. బానిస కుటుంబాల నుంచి వచ్చినవారు, బలవంతంగా చేర్చబడ్డవారు వాళ్లలో ఎందరో. అధికారులు దాదాపు అందరూ తెల్లవారు. రిపబ్లిక్ ఏర్పడిన మర్నాడే కొరడా శిక్షను రద్దు చేస్తూ ఉత్తర్వు ఇచ్చి, 1890 ఏప్రిల్‌లో తిరిగి తెచ్చారు. పరిమితి 25 దెబ్బలు. 1888లో బానిసత్వం రద్దయిన దేశంలో, రిపబ్లిక్ పేరుతో ఇది నడిచిందంటే నాకు కోపం ఆగదు. 1893లో రాజ్యాంగం పేరు చెప్పి ఫిరంగులు పేల్చిన అడ్మిరళ్లు కొరడా సంగతి ఎత్తలేదు.

1910 నవంబరులో మార్సెలీనో రోడ్రిగ్స్ మెనెజెస్ అనే నావికుడికి 250 కొరడా దెబ్బలు పడ్డాయి. 22వ తేదీ రాత్రి మినాస్ జెరాయిస్ యుద్ధనౌకలో తిరుగుబాటు మొదలై సావో పాలోకు, మరి కొన్ని నౌకలకు పాకింది. నాయకుడు జొవావ్ కాండిడో బానిసల కొడుకు. తిరుగుబాటు రక్తం లేకుండా జరగలేదు. మినాస్ జెరాయిస్ కమాండర్ సహా అధికారులు చనిపోయారు. నావికుల ప్రధాన డిమాండ్ కొరడా శిక్ష రద్దు. సెనేట్‌లో రుయ్ బర్బోజా వారి పక్షాన గట్టిగా మాట్లాడారు. రోజుల్లోనే పార్లమెంటు క్షమాభిక్ష ఇచ్చింది, నావికులు ఆయుధాలు దించారు.

ఆ మాట నిలబడలేదు. వారం తిరగకముందే నావికులను ఇష్టం వచ్చినట్టు తొలగించే ఉత్తర్వు వచ్చింది. డిసెంబరులో మరో తిరుగుబాటు జరిగితే, అందులో పాల్గొనని కాండిడోను కూడా అరెస్టు చేశారు. కోబ్రాస్ దీవిలో సున్నం చల్లిన గదిలో 18 మందిని కుక్కితే 16 మంది చనిపోయారు. బతికి బయటపడిన ఇద్దరిలో కాండిడో ఒకడు. 1912లో కోర్టు నిర్దోషి అని చెప్పినా నౌకాదళంలో చోటు దొరకలేదు. రియో రేవులో చేపల వ్యాపారంతో పొట్టపోసుకుని 1969లో పేదవాడిగానే పోయాడు.

2008లో చట్టం చేసి ఆయనకు మరణానంతర క్షమాభిక్ష ఇచ్చారు, కానీ కుటుంబానికి నష్టపరిహారం ఇచ్చే భాగాన్ని తొలగించారు. ఆయన పేరును జాతీయ వీరుల గ్రంథంలో చేర్చాలన్న బిల్లును 2024లో నౌకాదళ అధిపతి పార్లమెంటు కమిటీకి లేఖ రాసి వ్యతిరేకించారు. క్రమశిక్షణ భంగం, అధికారుల హత్య ఆయన చెప్పే కారణాలు. అలాగైతే ఆ కొలమానాన్ని మెలోకూ, సల్దాన్యాకూ పెట్టాలి. వాళ్లూ ప్రభుత్వానికి ఎదురుతిరిగారు, వాళ్ల పోరులోనూ మనుషులు చచ్చారు, అయినా వాళ్ల పేర్లు నౌకలకు ఎక్కాయి. కాండిడో అడిగింది తన ఒంటి మీద, తోటివాళ్ల ఒంటి మీద కొరడా పడకూడదనే. ఆ పేరును వీరుల గ్రంథంలో చేర్చడానికి నౌకాదళం అడ్డు తప్పుకోవాలి. కుటుంబానికి అప్పుడు తొలగించిన పరిహారాన్ని పార్లమెంటు తిరిగి ఇవ్వాలి.