మనవాళ్ళైతే చాలా?

వినాయక చవితి నాడు స్నేహితురాలి ఇంట్లో భోజనాలయ్యాక అందరం కబుర్లలో పడ్డాం. మాటలు 2024 నవంబర్ 5 అమెరికా అధ్యక్ష ఎన్నికల మీదికి మళ్ళాయి. రిపబ్లికన్ల తరఫున ట్రంప్, ఆయనతో ఉపాధ్యక్ష పదవికి వాన్స్, డెమోక్రాట్ల తరఫున కమలా హారిస్ పోటీలో ఉన్నారు. "ఇందులో ఆలోచించడానికి ఏముంది వదినా? వాన్స్ భార్య ఉష మన పిల్ల. వాళ్ళ పెద్దలది పశ్చిమ గోదావరి వడ్లూరు" అన్నాడు ఒకతను. "కమల తాతగారిది తమిళనాడులో తులసేంద్రపురం. ఆవిడ మాత్రం మనమ్మాయి కాదా?" అని ఇంకొకరు అందుకున్నారు. కాసేపటికే గొంతులు పెరిగాయి. స్కూళ్ళ గురించి, ధరల గురించి, వీసాల గురించి ఒక్క మాటా రాలేదు. పిల్లలు మెట్ల మీద కూర్చుని అంతా వింటున్నారు.

ఆ రాత్రి నాకు ఆ ఏడాదే చూసిన భూటాన్ సినిమా 'ద మంక్ అండ్ ద గన్' గుర్తొచ్చింది. పావో చోయినింగ్ దోర్జీ తీశారు. 2006 నాటి కథ. రాజు తనంతట తానే అధికారాన్ని ప్రజలకి అప్పగిస్తానంటే, ఓటు వేయడం నేర్పడానికి అధికారులు ఉరా అనే కొండ ఊరికి వస్తారు. ముందు ఉత్తుత్తి ఎన్నిక పెడతారు. ఎరుపు, నీలం, పసుపు అని మూడు పార్టీలు. ఒక్కో పార్టీది ఒక్కో ఆశయం. ఊళ్ళో దాదాపు అందరూ పసుపుకే ఓటేస్తారు, అది రాజుగారి రంగు కాబట్టి. ఆశయాల జోలికి ఎవరూ పోరు. ఓటు కొత్తగా చేతికొచ్చిన ఆ ఊరివాళ్ళని తప్పుపట్టలేం. మన సంగతి అలా కాదు కదా.

ఆ సినిమాలోనే ఒక ఇంట్లో అల్లుడిది ఒక పక్షం, అత్తగారిది ఇంకో పక్షం. మధ్యలో బడికెళ్ళే పిల్ల నలిగిపోతుంది. ప్రచారం నేర్పుతామంటూ జనాన్ని రెండు జట్లు చేసి ఒకరి మీద ఒకర్ని అరవమంటే, మాకు ఈ మర్యాద లేనితనం ఎందుకు నేర్పుతున్నారని ఒక పెద్దావిడ అడుగుతుంది. చవితి నాడు మెట్ల మీద కూర్చున్న మన పిల్లలు నాకు ఆ మాటతోనే గుర్తొస్తున్నారు.

వడ్లూరు పేరు టీవీలో వినపడితే నాకూ సంతోషమే. కానీ ఓటు పెళ్ళిలో చదివింపు కాదు, చుట్టరికం చూసి వేయడానికి.

మా మరిది ఉద్యోగ వీసా మీద అమెరికా వచ్చి 12 ఏళ్ళయింది. పన్నులు కడతాడు, ఓటు లేదు. ఉద్యోగాల కోటాలో ఏటా సుమారు 1,40,000 గ్రీన్ కార్డులు (శాశ్వత నివాస అనుమతులు), అందులో ఏ ఒక్క దేశానికీ 7 శాతం మించకూడదన్న నిబంధన. ఉద్యోగం పోతే ఇంకోటి వెతుక్కోవడానికి 60 రోజులు. ఆ టెన్షన్ ఏమిటో అలాంటివాళ్ళున్న ప్రతి ఇంటికీ తెలుసు. గ్రీన్ కార్డుల చట్టం మార్చాల్సింది కాంగ్రెస్, అంటే అమెరికా పార్లమెంటు. అందులోని ప్రతినిధుల సభలో మొత్తం 435 సీట్లకీ అధ్యక్ష ఎన్నికతో పాటే ఎన్నిక. అందుకే అధ్యక్షుడి పేరు దగ్గరే ఆగిపోకండి, బ్యాలట్ చివరిదాకా చదవండి.

"మనం పద్ధతిగా లైన్లో వచ్చాం, వాళ్ళు గోడ దూకి వచ్చారు" అన్న మాట మన ఇళ్ళలో తరచూ వినపడుతుంది. నేనూ అన్నాను. మాత్తెయో గర్రోనే తీసిన ఇటలీ సినిమా 'ఇయో కాపితానో' చూశాక ఆ మాట నోట రావడం లేదు. సెనెగల్ రాజధాని డకార్‌లో బయల్దేరిన ఇద్దరు పదహారేళ్ళ కుర్రాళ్ళు సహారా ఎడారి దాటి, లిబియాలో చిత్రహింసలు పడి సముద్రం దాకా వస్తారు. పడవ నడపడం రాని పిల్లాడి చేతికి పడవ అప్పగిస్తారు, అందులో అంతమంది ప్రాణాలు. సరిహద్దులకి కాపలా వద్దని నేననను. కానీ వాళ్ళని పురుగుల్లా చూసే మాటకి చప్పట్లు కొట్టలేను. అదే మాట రేపు మన వైపూ తిరుగుతుంది.

2020 అధ్యక్ష ఎన్నికలో మా జార్జియా రాష్ట్రంలో గెలుపోటముల తేడా 11,779 ఓట్లు. మన ఓట్లతో ఏమవుతుందిలే అని ఇక్కడ ఎవరూ అనుకోవడానికి లేదు. 2024లో ఇక్కడ అక్టోబర్ 15 నుంచి ముందస్తు పోలింగ్ జరిగింది. ఒక ఆదివారం మా ఇంట్లో శాంపిల్ బ్యాలట్ (నమూనా ఓటు పత్రం) ముందేసుకుని కూర్చున్నాం. ఒక్కో పేరూ చదివి, ముందు మా మరిదినే అడిగాను.