మదర్‌బోర్డులో మకాం పెట్టిన సహాయక యాప్ గారికి

మహారాజశ్రీ ల్యాప్‌టాప్ కంపెనీ వారి కంట్రోల్ సెంటర్ యాప్ గారి సమక్షమునకు,

ఉభయకుశలోపరి. ల్యాప్‌టాప్ ఊరికే ఉన్నా ఫ్యాన్ గిర్రున తిరుగుతోంది కాబట్టి తమరు లోపల క్షేమంగానే ఉన్నారని తెలుస్తోంది.

ఆదివారం మధ్యాహ్నం పన్నెండున్నరకు మొదలైన పని సాయంత్రం నాలుగుకు తెమిలింది. కొత్త ల్యాప్‌టాప్‌తో అడక్కుండా వచ్చిన యాప్‌లను వదిలించుకోవాలని, డిస్కులో ఉన్న పార్టిషన్లు (డిస్కును విడగొట్టిన భాగాలు) ఒక్కటి మిగల్చకుండా చెరిపేసి, మైక్రోసాఫ్ట్ నుంచి నేరుగా దింపుకున్న విండోస్ 11 ఎక్కించాక, డెస్క్‌టాప్ మీద రీసైకిల్ బిన్, ఎడ్జ్ తప్ప పురుగన్నది లేదు. వైఫై పాస్‌వర్డ్ కొట్టి నిమిషం కాలేదు. కుడివైపు కింది మూల నుంచి తమరు తొంగి చూసి, మీ కొత్త పరికరాన్ని పూర్తిగా ఆస్వాదించడానికి సిద్ధమా అని పలకరించారు. కింద రెండు బటన్లు. ఇన్‌స్టాల్ ఒకటి, తర్వాత గుర్తుచేయి ఒకటి. వద్దు అనడానికి బటన్ లేదు.

దహనం చేసి, తలస్నానం చేసి ఇంటికొస్తే, పోయినవాడు వీధి అరుగు మీద కూర్చుని కాఫీ అడిగినట్టుంది.

కొన్నప్పుడు మీ వెంట దిగిన బలగం సంగతి ముందు తేల్చేస్తాను, వాళ్ల మీద నాకు అంత పగ లేదు. ముప్పై రోజుల ఉచిత యాంటీవైరస్ గారు ఉన్నన్నాళ్లూ విండోస్‌తో వచ్చే కాపలాదారు డిఫెండర్ పక్కకు తప్పుకుంటుంది. ముప్పై ఒకటో రోజున ఆయనే ఎర్ర అక్షరాలతో, మీరు ప్రమాదంలో ఉన్నారని బెదిరిస్తారు. తీసేశామా, బ్రౌజర్ కాపలా అంటూ తెచ్చిన తమ్ముణ్ణి ఇక్కడే వదిలిపోతారు. యాప్‌ల జాబితాలో ఆ తమ్ముడిది వేరే డోర్ నంబరు. ఇద్దరినీ ఆనవాళ్లు లేకుండా ఊడ్చాలంటే ఆ కంపెనీయే ఇచ్చే తొలగింపు టూల్ తెచ్చుకోవాలి, చెత్త పోసినవాడే చీపురు పంపినట్టు. ఇక ఎవరూ అడగని వీపీఎన్, షాపింగ్ సైట్ షార్ట్‌కట్, ఆడని ఆటల డబ్బాలు. రెండేసి నొక్కులతో పోయే జనం. పోనీండి.

వీళ్లెందుకు వస్తారో తెలియనిది కాదు. ల్యాప్‌టాప్ మీద కంపెనీకి మిగిలేది తక్కువ, ఈ అద్దెదారులు చోటుకు డబ్బు కడతారు. వచ్చేటప్పుడు వాళ్లు కడితే వెళ్లగొట్టేటప్పుడు మనం కట్టాలన్న ఐడియా కూడా ఒకరికి వచ్చింది. 2008లో సోనీ, వయో ల్యాప్‌టాప్ కొనేవాళ్లకు ఈ చెత్త లేకుండా ఇస్తాం, 49.99 డాలర్లు అంది. నలుగురూ దుమ్మెత్తిపోశాక ఉచితం చేసింది. 2012లో మైక్రోసాఫ్ట్ తన దుకాణాల్లో 99 డాలర్లు పుచ్చుకుని వేరే కంపెనీల కంప్యూటర్లు కడిగి ఇచ్చేది. పాచిపనికి ఆ రేటు మన అపార్ట్‌మెంట్లలో వింటే ఏమంటారో!

సెట్టింగ్స్‌లో రీసెట్ ఉందిగా, అది నొక్కితే పోయేదిగా అంటారు కొందరు. ఫ్యాక్టరీలో పెట్టిన సామాను సి డ్రైవ్‌లో రికవరీ అనే దాచిన ఫోల్డర్ కింద, కస్టమైజేషన్స్ అనే చోట మూటగట్టి ఉంటుంది. రీసెట్ ఇల్లంతా ఊడ్చి, చివర్లో ఆ మూట విప్పుతుంది. మీరంతా కొత్త బట్టలేసుకుని మళ్లీ బయటికొస్తారు. అందుకే పెన్‌డ్రైవ్ పట్టుకోవాల్సి వచ్చింది.

అది ఎలా చేస్తారో తమరికి చెప్పనక్కర్లేదు, తమరు లోపల్నుంచి చూస్తూనే ఉన్నారు. కానీ ఈ ఉత్తరం మీ బాధితులు కూడా చదువుతారు కాబట్టి రాస్తున్నాను. ల్యాప్‌టాప్‌తో ఆఫీస్ ఉచితంగా వచ్చి ఉంటే, ఏదీ చెరపకముందే వర్డ్ తెరిచి దాన్ని మైక్రోసాఫ్ట్ అకౌంటుకు కట్టెయ్యాలి. తర్వాత చూద్దాంలే అనుకుంటే అది మీ వెనకాలే పోవచ్చు, దాని విలువ వేలల్లో. కనీసం 8 జీబీ పెన్‌డ్రైవ్, అందులో పెళ్లి ఫొటోలు లేనిది, ఎందుకంటే విండోస్‌ను పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించే మైక్రోసాఫ్ట్ వారి మీడియా క్రియేషన్ టూల్ దాన్ని మొత్తం చెరిపి రాస్తుంది. విండోస్ లైసెన్స్ కీ కోసం అడుగున స్టిక్కర్ వెతకొద్దు. అది మదర్‌బోర్డు చిప్‌లో ఉండే ఫర్మ్‌వేర్‌లోనే ఉంటుంది, ఇన్‌స్టాలర్ తనే చదువుకుంటుంది. ఒకవేళ ఏ ఎడిషన్ అని అడిగితే, మన దేశంలో అమ్మే చాలా ల్యాప్‌టాప్‌లకు హోమ్ సింగిల్ లాంగ్వేజ్ అనేదే సరైన జవాబు. ఆశపడి ప్రో ఎంచుకుంటే ఇన్‌స్టాల్ అవుతుంది, యాక్టివేట్ కాదు.

ఎక్కువమంది చతికిలబడేది డిస్కు కనబడని చోట. ఇంటెల్ 11వ తరం నుంచి చాలా ల్యాప్‌టాప్‌ల్లో వీఎండీ అనే కంట్రోలర్ ఎస్ఎస్‌డీని, అంటే ఆ డిస్కునే, తన వెనక దాచుకుంటుంది. విండోస్ ఇన్‌స్టాలర్‌కు దానితో మాట్లాడే డ్రైవర్ ప్రోగ్రామ్ తెలియదు, డ్రైవ్‌లేవీ లేవంటుంది. కొత్త ల్యాప్‌టాప్ ఎస్ఎస్‌డీ పోయిందేమోనని అప్పుడు గుండె జారుతుంది. పోలేదు. కంపెనీ సపోర్ట్ పేజీలో ల్యాప్‌టాప్ సీరియల్ నంబరు కొట్టి ఇంటెల్ ర్యాపిడ్ స్టోరేజ్ డ్రైవర్ దింపుకుని, విప్పి, ఐఎన్ఎఫ్ ఫైళ్లున్న ఫోల్డర్‌ను అదే పెన్‌డ్రైవ్‌లో వేసుకోవాలి. ఇన్‌స్టాలర్‌లో లోడ్ డ్రైవర్ బటన్ నొక్కి ఆ ఫోల్డర్ చూపించాలి. దింపిన ఈఎక్స్ఈని అలాగే వేస్తే ఆ బటన్ దాన్ని చూడదు. అవే పేజీల నుంచి వైఫై, టచ్‌ప్యాడ్ డ్రైవర్లు కూడా. అవి మరిచిపోతే ఫోన్‌ను యూఎస్‌బీ కేబుల్‌తో తగిలించి టెథరింగ్ పెట్టండి, వైఫై డ్రైవర్ లేకపోయినా చాలాసార్లు నెట్ వస్తుంది. టచ్‌ప్యాడ్‌కు మాత్రం మౌస్ అరువు తెచ్చుకోవాల్సిందే.

టైమ్ అండ్ కరెన్సీ అని అడిగేచోట ఇంగ్లిష్ వరల్డ్ ఎంచుకుంటే మైక్రోసాఫ్ట్ తన వంతుగా స్టార్ట్ మెనూలో తగిలించే ప్రకటన డబ్బాలు చాలావరకు రావు. మధ్యలో ఓఓబీఈ రీజియన్ అని ఏదో తప్పు చూపిస్తుంది, స్కిప్ నొక్కి వెళ్లిపోవాలి. తర్వాత ప్రాంతం ఇండియా అని మార్చకపోతే స్టోర్ పనిచేయదు. డిస్క్ 0లో ఉన్నవన్నీ ఒక్కొక్కటే డిలీట్ కొట్టి, అన్‌అలొకేటెడ్ స్పేస్ అని ఒకే గీత మిగిలాక నెక్స్ట్. ఆ ఒక్క గీత చూసినప్పటి సుఖం, ఉగాదికి ఇల్లు దులిపాక చాప పరుచుకుని పడుకున్నట్టు ఉంటుంది.

ఆ సుఖం మీద కాలు పెట్టింది తమరు.

ఎస్ఎస్‌డీలో ఏమీ లేదు. పెన్‌డ్రైవ్ మైక్రోసాఫ్ట్‌ది. మరి ఎక్కణ్ణించి వచ్చారు? సిస్టమ్32 ఫోల్డర్ తెరిస్తే దొరికారు. డబ్ల్యూపీబీబిన్ డాట్ ఈఎక్స్ఈ. ఎవరూ కాపీ చేయని ఫైలు. విండోస్ ప్లాట్‌ఫామ్ బైనరీ టేబుల్ అని విండోస్ 8 కాలం నుంచి ఒక ఏర్పాటు ఉంది. కంపెనీ తన ప్రోగ్రామ్‌ను, విండోస్ కన్నా ముందు లేచే బయోస్ ఉండే చిప్‌లోనే పెట్టుకోవచ్చు. విండోస్ లేచే ప్రతిసారీ ఆ చిప్‌లో చూసి, ఏమైనా ఉంటే తీసి డిస్కు మీద రాసుకుని, మనం లాగిన్ కాకముందే నడిపిస్తుంది. డిస్కు మార్చినా, సుత్తితో పగలగొట్టి కొత్తది వేసినా ఇంతే. దొంగతనమైన ల్యాప్‌టాప్‌ను పట్టించే సాఫ్ట్‌వేర్, దొంగ విండోస్ మార్చినా బతికుండాలని ఈ దారి పెట్టారట. మంచి ఉద్దేశమే. దొంగ కోసం తవ్విన సొరంగంలోంచి ఇంటాయన పడగ్గదిలోకి వచ్చింది మాత్రం నువ్వు.

అవును, నువ్వే. గారు, తమరు అయిపోయాయి.

కీబోర్డు లైట్ల రంగు మార్చే యాప్‌వి నువ్వు. దొంగల్ని పట్టే పోలీసువి కావు. నీకెందుకు ఈ దారి? 2015లో లెనోవో ఇలాగే తన సర్వీస్ ఇంజిన్ అనేదాన్ని చిప్‌లో పెట్టి, బయటపడ్డాక బయోస్ అప్‌డేట్ ఇచ్చి తీసేసుకోవాల్సి వచ్చింది. అదే ఏడాది మొదట్లో అదే కంపెనీ ల్యాప్‌టాప్‌ల్లో సూపర్‌ఫిష్ అనే ప్రకటనల ప్రోగ్రామ్ బయటపడింది. బ్యాంకు సైట్లకైనా సరే దొంగ గుర్తింపు సర్టిఫికెట్ ఇవ్వగల తాళంచెవిని అన్ని ల్యాప్‌టాప్‌ల్లోనూ ఒకటే పెట్టారు. 2021లో ఎక్లిప్సియం అనే భద్రతా సంస్థ ఇంకోటి చూపించింది. ఈ టేబుల్ దారిలో వచ్చే ప్రోగ్రామ్ డిజిటల్ సంతకం గడువు తీరిపోయినదైనా విండోస్ ఒప్పుకుంటోందని. అంటే నువ్వు తెరిచి పెట్టిన తలుపు నీ ఒక్కడికే కాదు. ఇన్ని జరిగాక కూడా నీ తలుపు మూసేదానికి స్విచ్ ఎక్కడ పెట్టావు? బయోస్‌లో, అడ్వాన్స్‌డ్ మోడ్‌లోకి వెళ్లి, నాలుగు పేజీలు దాటి, నీ పేరు పక్కన డౌన్‌లోడ్ అండ్ ఇన్‌స్టాల్ అని. ఫ్యాక్టరీ నుంచే ఎనేబుల్డ్. ఆ స్విచ్ కూడా అన్ని మోడళ్లలో ఉండదు.

లేనివాళ్లకు విండోస్ తన సెట్టింగులు దాచుకునే రిజిస్ట్రీ ఉంది. లోకల్ మెషిన్, సిస్టమ్, కరెంట్ కంట్రోల్ సెట్, కంట్రోల్, సెషన్ మేనేజర్ వరకు దిగి, డిజేబుల్‌డబ్ల్యూపీబీటీఎగ్జిక్యూషన్ అని ఖాళీల్లేకుండా ఇంగ్లిష్‌లో డీవర్డ్ రకం ఎంట్రీ ఒకటి చేసి విలువ 1 పెట్టాలి. ఆ డబ్ల్యూపీబీబిన్‌ను చెరిపి, అప్పటికే నువ్వు నాటిన, తెరవెనక నడిచే సర్వీసును సర్వీసెస్‌లో ఆపి డిజేబుల్ చేయాలి. ఇదంతా నెట్ తగిలించకముందే అయితే మంచిది, నెట్ వచ్చాకే నీ అసలు శరీరం దిగేది. విండోస్ మళ్లీ ఎక్కిస్తే ఈ తాళం మళ్లీ వెయ్యాలి. సిస్టమ్32లో ఆ ఫైలే లేకుండా నువ్వు ప్రత్యక్షమైతే, విండోస్ అప్‌డేట్ వీపున ఎక్కి వచ్చావన్నమాట. దానికి డివైస్ ఇన్‌స్టలేషన్ సెట్టింగ్స్‌లో తయారీదారుల యాప్‌లు దింపాలా అన్న ప్రశ్నకు నో చెప్పాలి. ఇంకోటి. మైక్రోసాఫ్ట్ అకౌంటుతో లాగిన్ అయితే ఈమధ్య విండోస్ డిస్కును తనంతట తనే ఎన్‌క్రిప్ట్ చేస్తోంది, అంటే కీ లేకుండా చదవలేనట్టు తాళం వేస్తోంది. ఆ తర్వాత బయోస్‌లో చెయ్యి పెడితే 48 అంకెల రికవరీ కీ అడిగి కూర్చోవచ్చు. అకౌంట్ పేజీలోంచి దాన్ని ముందే కాగితం మీద రాసుకోవాలి. వద్దు అనే ఒక్క బటన్ నువ్వు పెట్టనందుకు జనం రాసుకుంటున్న అంకెలవి.

సరే. మూడు గంటలు నిన్ను తిట్టి, వెళ్లగొట్టి, తలుపుకు గొళ్లెం పెట్టాక, ఛార్జర్ తగిలించి ఉన్న బ్యాటరీ 100 దగ్గర నిలబడి ఉంది. ఆఫీసు పని మీద రోజంతా ఛార్జర్‌కే ఉండే ల్యాప్‌టాప్ అది. లిథియం బ్యాటరీ వేడిలో, నిండుగా ఉండిపోతే త్వరగా ముసలిదవుతుంది. 80 దగ్గర ఆపాలి. విండోస్‌లో ఎక్కడా ఆ మీట లేదు. కొన్ని కంపెనీలు బయోస్‌లో ఇస్తాయి. ఇక్కడ బయోస్‌లో లేదు. అది ఎక్కడుందో నీకు తెలుసు. నీ దగ్గరే ఉంది. ఒక్క నీ దగ్గరే ఉంది.

కాబట్టి రా. కానీ సొరంగంలోంచి కాదు, మైక్రోసాఫ్ట్ స్టోర్ నుంచి, ముందు గుమ్మంలోంచి, పేరు అడిగితే చెప్పి. టాస్క్ మేనేజర్ స్టార్టప్‌లో నీకు చోటు లేదు. నోటిఫికేషన్లు ఆపేశాను, ఆఫర్లు చూపే స్విచ్ కూడా. నీ వార్తలు, నీ కమ్యూనిటీ, నీ వాల్‌పేపర్ల దుకాణం నాకు చూపించకు. బ్యాటరీ పేజీ తెరుస్తాను, 80 పెడతాను, మూసేస్తాను.

పెట్టాను. ఛార్జర్ లైటు ఆరెంజ్ నుంచి తెలుపుకు మారింది. ఆ ఒక్క పని మాత్రం చక్కగా చేస్తావు, ఒప్పుకుంటున్నాను.

మూసిన మరుక్షణం, ఈ యాప్‌కు ఎన్ని స్టార్లు ఇస్తారని అడిగావు.

ఇట్లు,
బిల్లు మీద పేరున్న మనిషి