అప్పు లేని జింక

(కర్నూలు జిల్లా ఆస్పరి పక్క ఒక నల్లరేగడి చేను. పప్పుశనగ అప్పుడే మొలకెత్తింది. అల్లుడు ఆదోనిలో బడిపంతులు. సెలవుకొచ్చి, పొద్దున్నుంచి బీడులో కృష్ణజింకల మందను చూస్తాండాడు. మామ రాత్రంతా కావలి కాసి ఇంకా కన్ను మూయలేదు. ఆయన మాటల్లో కారం కొంత ఆ నిద్రలేమిదే.)

అల్లుడు: ఎంత హాయి బతుకు మామా! మేస్తాది, నెమరేస్తాది, ఎండెక్కితే నీడకు చేరతాది. బ్యాంకు లేదు, బాకీ లేదు. సుగ్గికి గుంటూరు పోయి మిరపకాయలు కోసే పనీ లేదు.

మామ: రాత్రి మేసింది ఎవరి చేను?

అల్లుడు: ఇప్పుడు బీడులోనే ఉన్నాయి కదా.

మామ: చుట్టూ పాత చీరలు కట్టినా ఎగిరి దూకుతాయిరా. బాకీ లేదంటివి. దాని బాకీ నా పాసుబుక్కులో ఉంది.

అల్లుడు: నష్టం నీదే, కాదనను. నేను చెప్పేది దాని మనసు సంగతి. కుక్క తరిమితే ఉరుకుతాది, కుక్క పోతే మళ్లా తల వంచి మేస్తాది. మనమైతే పదేండ్లు తలుచుకుని కుములుతాం.

మామ: అది తలుచుకోదని నీకెవరు చెప్పినారు? వంక పక్కన ఊరకుక్కలు ఒక జింకపిల్లను పట్టినాయి. ఆ దినం నుంచి మంద ఆ దారి తొక్కలేదు. నేను ఏ మూల పడుకుంటానో చూసుకుని రెండో మూల నుంచి చేన్లోకి దిగుతాయి. సరే, ఆ నల్లగా ముదిరిన పోతును చూడు. తీరిగ్గా నిలబడిందనుకుంటాండావు కదా? అది జాగా కాస్తాంది. ఒకే చోట పెంటికలు కుప్ప పోస్తాది, కంటి పక్కన కారే జిగురును పుల్లలకు రుద్దుతాది. అవే దాని సర్వే రాళ్లు. ఇంకో పోతు దాటితే కొమ్ములు కొమ్ములు తగులుకుంటాయి. గట్టు తగాదాలు మనకేనా?

అల్లుడు: తల్లిజింకను చూడు మరి. పిల్లను గడ్డిలో దాచి, దూరంగా పోయి మేస్తాది. అంత నమ్మకం మనకుందా?

మామ: నమ్మకం కాదు, గతిలేక. పక్కనే నిలబడితే తోడేలుకు చోటు చూపించినట్లే.

(ఈ మాటకు అల్లుడి దగ్గర జవాబు లేదు. పుస్తకంలోకి పోయినాడు.)

అల్లుడు: చీతాల నుంచి తప్పించుకోవాలని జింక గంటకు 80 కిలోమీటర్ల ఉరుకు నేర్చిందంటారు మామా. దేశంలో చీతా లేదని 1952లో ప్రకటించినారు. ఉరుకు మాత్రం పోలేదు.

మామ: అంటే తరిమేది పోయినా భయం ఒంట్లోనే ఉంది. ఇంక హాయి యాడుంది?

అల్లుడు: ఇది విను. రోళ్లపాడు అభయారణ్యం 1988లో పెట్టింది బట్టమేక పిట్ట కోసం. ఆ పిట్ట విడతకు ఒక్కటే గుడ్డు పెడతాది, గడ్డిబీళ్లు తగ్గితే తట్టుకోలేదు. ఇప్పుడక్కడ కనిపించడం లేదు. జింకలు మాత్రం ఉన్నాయి. దొరికినదాంతో సరిపెట్టుకుంటాయి కాబట్టే.

మామ: దొరికింది నా పప్పుశనగ!

(నవ్వొచ్చినా, అల్లుడి వాదనలో బలమున్నది ఇక్కడే. మామ కూడా కాసేపు ఆగి మాట్లాడినాడు.)

మామ: రాష్ట్ర జంతువంట, ముట్టుకుంటే 1972 వన్యప్రాణి చట్టమంట. మరి నేను ఈ రాష్ట్రపు రైతును కానా? కరెంటు తీగ పెట్టేవాళ్లున్నారు. నేను పెట్టను.

అల్లుడు: కేసు భయమా?

మామ: అట్లే అనుకో. నీ హాయి సంగతి రేపు పొద్దున తేల్చుకుందాం. ఈ రాత్రికి కావలి నువ్వు కాయి.

అల్లుడు: ఆదోని బస్సు ఐదింటికే మామా.