ఊపిరి నిదానంగా వదలండి

టెన్షన్‌లో ఉన్నవాళ్ళతో "ఒకసారి గట్టిగా ఊపిరి పీల్చుకో" అనేస్తాం. నా ఉద్దేశంలో అది సగం సలహా, అదీ తక్కువ పనికొచ్చే సగం. మనసు కుదుటపడేది ఊపిరి వదిలేటప్పుడు. మణికట్టు మీద వేళ్ళు పెట్టి నాడి చూసుకోండి. పీల్చేటప్పుడు కాస్త వేగంగా కొట్టుకుంటుంది, నిదానంగా వదిలేటప్పుడు నెమ్మదిస్తుంది. మెదడు నుంచి గుండెకు దిగే వేగస్ నరం చేసే పని అది. పెద్ద వయసువాళ్ళకు ఈ తేడా అంతగా తెలియదు, కంగారు పడక్కర్లేదు.

మా ఒంగోలు, కందుకూరు వైపు తిరునాళ్ళలో పౌరాణిక నాటకాలు చూసినవాళ్ళకు ఇది కొత్త సంగతేం కాదు. పద్యం అయిపోయాక నటుడు రాగం అందుకుని లాగుతుంటే, ఎప్పుడు ఆపుతాడా అని జనం కూడా ఊపిరి బిగబట్టేవాళ్ళు. స్టేజీకి దగ్గరగా కూర్చుంటే ఇంకొకటి కనిపించేది. రాగానికి ముందు ఆయన భుజాలు లేచేవి కావు, నడుముకు కట్టిన పట్టా మాత్రం ముందుకు ఉబ్బేది, రాగం సాగినంతసేపూ అది కొద్దికొద్దిగా లోపలికి పోయేది. డయాఫ్రమ్‌తో, అంటే ఊపిరితిత్తుల కింద ఉండే కండరపు పొరతో, ఊపిరి తీయడమంటే అదే, ఏ క్లాసుకీ వెళ్ళకుండా వాళ్ళకు పట్టుబడిన విద్య.

ఇక్కడ మన తెలుగు సంఘాల్లో జూన్ 21 యోగా దినం వచ్చిందంటే హాల్లో అందరిచేతా బుసలు కొట్టినట్టు జోరుగా ఊపిరి తీయిస్తున్నారు. ఆక్సిజన్ ఎక్కువ అందుతుందట! ఆరోగ్యంగా ఉన్నవాళ్ళ రక్తంలో ఆక్సిజన్ మామూలుగానే 95 శాతానికి తగ్గదు, ఇంకా నింపడానికి చోటెక్కడిది? అలా వేగంగా చేసినకొద్దీ ఒంట్లో కార్బన్ డయాక్సైడ్ పడిపోయి, మెదడుకు వెళ్ళే రక్తనాళాలు సన్నబడి తల తిరుగుతుంది, వేళ్ళు తిమ్మిరెక్కుతాయి. దాన్నే శక్తి వచ్చిందనుకుంటే ఎట్లా? బీపీ ఉన్నవాళ్ళనీ, గర్భిణులనీ, మూర్ఛ వచ్చేవాళ్ళనీ అడగకుండా ఆ వరసలో కూర్చోబెట్టడం నాకు అస్సలు నచ్చదు.

చేయాల్సింది చాలా తేలిక. కుర్చీలో కూర్చుని పొట్ట మీద చెయ్యి పెట్టుకోండి. ముక్కుతోనే పీల్చండి, మనసులో నాలుగు లెక్కపెట్టుకుంటూ. వదిలేటప్పుడు ఆరు లెక్కపెట్టండి. అంకెకో సెకను అనుకుంటే నిమిషానికి ఆరు ఊపిరులవుతాయి, మామూలుగా మనం తీసేది పన్నెండు నుంచి ఇరవై. అయిదు నిమిషాలు చాలు. ఇబ్బందిగా ఉంటే ఆపేయండి, పంతం వద్దు. ఆఫీసు నుంచి వచ్చి కారు దిగే ముందు చేసి చూడండి, మెడ, భుజాల బిగువు సడలి, ఇంట్లో పిల్లలతో మాట్లాడే ఓపిక మిగులుతుంది. నాకు తెలిసిన హుషారు అదే.

అయితే దీన్ని మందు అని మాత్రం ప్రచారం చేయకండి. బీపీ మాత్రలు, ఇన్‌హేలర్ ఆపమని చెప్పే హక్కు ఎవరికీ లేదు. మన వంటింటి గట్టు మీద మెరిసే నల్ల గెలాక్సీ గ్రానైట్ మా ఒంగోలు దగ్గరి చీమకుర్తిది. రాయి కోసేటప్పుడు లేచే సన్నటి దుమ్ము ఊపిరితిత్తుల్లో పేరుకుంటే ఏ ప్రాణాయామమూ దాన్ని కడగలేదు. ఆ పని చేసేవాళ్ళకు కావలసింది నీళ్ళు కొడుతూ కోసే మిషన్లు, సరైన మాస్కులు.

వచ్చే ఉగాదికి మన కార్యక్రమంలో ఒక గంట అడుగుతున్నాను. పద్యం పాడగలిగిన పెద్దలు చాలామందే ఉన్నారు, ఊళ్ళ నుంచి వచ్చిన అమ్మానాన్నల్లోనూ ఉంటారు. పిల్లలకు తలా ఒక పద్యం రాగంతో సహా నేర్పమందాం, ఎక్కడ గాలి తీసుకోవాలో, ఎంతసేపు వదలాలో వాళ్ళే చూపిస్తారు.