ఏ బాధా లేనప్పుడే చేయించుకోవాల్సిన పరీక్ష

"నాకేం బాధ లేదు కదా, పరీక్ష దేనికి?" గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ స్క్రీనింగ్ మాట ఎత్తగానే చాలామంది ఆడవాళ్లు అనేది ఇదే. విన్న ప్రతిసారీ మనసు చివుక్కుమంటుంది. ఈ పరీక్ష ఉన్నదే ఏ బాధా లేనివాళ్ల కోసం.

ఈ క్యాన్సర్ దాదాపు ఎప్పుడూ హెచ్‌పీవీ వైరస్ వల్లే వస్తుంది. శారీరక సంబంధం ఉన్నవాళ్లలో ఎక్కువమందికి ఎప్పుడో ఒకప్పుడు అది సోకే ఉంటుంది. చాలామందిలో ఒకటి రెండేళ్లలో దానంతటదే పోతుంది. కొద్దిమందిలో మాత్రం తిష్ట వేస్తుంది. ఈ వైరస్‌లో ఉన్న ఎన్నో రకాల్లో 16, 18 అనే నంబర్లవి మరీ మొండివి, పది కేసుల్లో ఏడింటికి అవే కారణం. అలా ఉండిపోయిన వైరస్ క్యాన్సర్‌గా మారడానికి మామూలుగా 15 నుంచి 20 ఏళ్లు పడుతుంది. హెచ్‌ఐవీ ఉండి చికిత్స తీసుకోనివాళ్లలో 5 నుంచి 10 ఏళ్లే. పొగతాగే అలవాటుంటే ముప్పు ఇంకా పెరుగుతుంది.

ఇంత గడువు ఉన్న జబ్బుకు 2022లో ప్రపంచవ్యాప్తంగా సుమారు 3.5 లక్షల మంది బలయ్యారు. ఆ గడువంతా ఏ నొప్పీ తెలియకుండా గడిచిపోవడమే అసలు చిక్కు.

పరీక్షంటే సిగ్గు, భయం ఉండటం సహజమే. కానీ అక్కడ జరిగేది ఇంతే: పడుకోబెట్టి, చిన్న పరికరంతో యోని మార్గాన్ని కాస్త తెరిచి, మెత్తని బ్రష్‌తో గర్భాశయ ముఖద్వారం మీది కణాలు తీస్తారు. కాస్త ఇబ్బందిగా ఉంటుంది, నిమిషాల్లో అయిపోతుంది. హెచ్‌పీవీ పరీక్షకైతే చాలాచోట్ల శాంపిల్ ఎవరికి వారే తీసుకోవచ్చు. 30 ఏళ్ల నుంచి 5 నుంచి 10 ఏళ్లకోసారి హెచ్‌పీవీ పరీక్ష చేయించుకోవాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. హెచ్‌ఐవీ ఉన్నవాళ్లు 25 ఏళ్లకే మొదలుపెట్టి, ఇంకా తరచుగా చేయించుకోవాలి. తీసిన కణాల్లో మార్పులున్నాయేమో మైక్రోస్కోప్ కింద చూసే పాప్ స్మియర్ అయితే సాధారణంగా మూడేళ్లకోసారి.

హెచ్‌పీవీ పాజిటివ్ రాగానే కొందరు క్యాన్సరే వచ్చేసిందని హడలిపోతారు. ఇంకొన్ని ఇళ్లలో అనుమానం మొదలవుతుంది, ఇది నాకు మరీ బాధ కలిగించే సంగతి. వైరస్ ఎన్నో ఏళ్ల కిందటే సోకి ఉండొచ్చు, ఎవరి నుంచో, ఎప్పుడో ఆ రిపోర్ట్ చెప్పలేదు. దాన్ని పట్టుకుని మనిషి నడతను తూచకండి. అది చెప్పేదల్లా ఇంకాస్త పరిశీలన కావాలని. ఆ పరిశీలనలో మారిన కణాలు కనిపిస్తే, చాలావరకు ఆస్పత్రిలో ఉండాల్సిన పని లేకుండానే తీసేస్తారు, గర్భసంచి జోలికి పోకుండా.

హెచ్‌పీవీ టీకా వేయించుకున్నాం కదా అని పరీక్ష మానేయకూడదు, టీకా అన్ని రకాల హెచ్‌పీవీనీ ఆపదు. కలయిక తర్వాతో, పీరియడ్స్ మధ్యలోనో, మెనోపాజ్ తర్వాతో బ్లీడింగ్ కనిపించినా, దుర్వాసనతో వైట్ డిశ్చార్జ్ అవుతున్నా స్క్రీనింగ్ తేదీ కోసం ఆగొద్దు. పోయినసారి రిపోర్ట్ నార్మల్ అని వచ్చినా సరే, వెంటనే డాక్టర్ దగ్గరకు వెళ్లండి.